పెద్దకోడలికి దక్కని సీటు

అత్తగారు జైనాబీ ఉమ్రా యాత్రకి పోతూ తోడుగా చిన్నకోడలు షాజాదీని ఎంచుకున్న రోజు నుంచీ షమాకి అన్నం సహించడం లేదు. పెద్దకోడలు తను. ఇరవయ్యేళ్లుగా ఆ ముసలామె కాళ్లు పట్టింది తను. మక్కా చూసొచ్చేదేమో నిన్నగాక మొన్న వచ్చిన షాజాదీ! కడుపు మండదా మరి?

అత్తగారు చెప్పిన కారణం ఇంకా మంట. "నీకు బస్సే పడదు కదే. బెజవాడ బయల్దేరితే మైలవరం రాకముందే వాంతులు. విమానంలో అంతసేపు నువ్వు నన్ను చూస్తావా, నేను నిన్ను చూడాలా?"

తోడికోడలి టికెట్టు ఫోనులో చూసేసరికి షమాకి ప్రాణం లేచొచ్చింది. శంషాబాద్‌లో పొద్దున పదింటికి ఎక్కడం, జెడ్డాలో ఒకటిన్నరకి దిగడం. మూడున్నర గంటలు! ఈ మాత్రానికా తనని పక్కన పెట్టింది? నోట్లో లవంగం పెట్టుకుని కళ్లు మూసుకుంటే గడిచిపోదూ! టికెట్టు మీద పేరు మార్చొచ్చేమో కనుక్కుందామని, బస్టాండు దగ్గర టికెట్లు బుక్ చేసే బాలశౌరి కొట్టుకి ఆగమేఘాల మీద వెళ్లింది.

"మూడున్నర కాదండి," అన్నాడతను. "నాలుగువేల కిలోమీటర్ల పైమాటే. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. గాల్లో ఆరు గంటలు కూర్చోవాలి. పేరు మార్చడం కూడా కుదరదు."

కొట్టు ముందున్న ఆటోవాళ్లు నవ్వారో లేదో గానీ షమాకి నవ్వినట్టే వినిపించింది. ఇంటికొచ్చి తలుపేసుకుంది.

తలుపేసుకోవడానికి ఇంకో కారణముంది. యాత్రకి పోయేవాళ్లు ముందుగా ఇంటింటికీ తిరిగి, తెలిసో తెలియకో చేసిన తప్పులకి మాఫీ అడగాలి. ఎవరైనా మనసులో ఉంచుకుంటే ఆ యాత్ర నిండదంటారు. పక్కింట్లో ఉండే షాజాదీ రెండుసార్లు వచ్చింది. ఒకసారి షమా స్నానం చేస్తోంది, ఇంకోసారి నిద్రపోతోంది. అంటే, రెండుసార్లూ తలుపు వెనకే నిలబడి ఉంది. తిరగనీ. వీధంతా మాఫీలు దండుకుని నా దగ్గర ఆగిపోనీ అనుకుంది.

బయల్దేరే రోజు షాజాదీ పెరటి దోవన వచ్చింది. బట్టలారేస్తూ దొరికిపోయింది షమా.

"అక్కా, మాఫ్ చెయ్యి."

"అందరికీ చెప్పే మాటేగా. నువ్వు నాకేం చేశావని?"

షాజాదీ తల దించుకుంది. "చేశానక్కా. మొదట అత్తమ్మ నీ పేరే అనుకుంది. నీ వాంతుల సంగతి గుర్తు చేసింది నేనే. విమానం ఎక్కాలని కక్కుర్తి పడ్డాను. ఇది చెప్పకుండా అక్కడికి ఏ మొహంతో పోను?"

షమా చేతిలోని తడిచీర జారి మట్టిలో పడింది. ఊరికే కుళ్లుకుంటున్నానని ఇన్నాళ్లూ తనని తనే తిట్టుకుంటూ వచ్చింది. ఆ కుళ్లు పోగొట్టమని దువా కూడా చేసింది. తీరా చూస్తే పాపం తనది కాదు, ఎదురుగా నిలబడి ఏడుస్తున్న దీనిది. చెంప పగలగొట్టాలనిపించింది. వీధిలో కారు హారన్ మోగింది. పక్కింట్లోంచి అత్తగారు పిలిచింది, షాజాదీనే.

షమా చీర ఎత్తి దులిపింది.

"అత్తమ్మ యాత్ర కోసం మాఫ్ చేశాను, పో," అంది. "నీ సంగతి తిరిగొచ్చాక చూద్దాం."