లచ్చుమక్క చివరి చుక్క

నేను ఒక చుక్క సీరాన్ని. చిటికెనవేలంత సీసాలో, గడ్డకట్టి, నాలుగేళ్లు ఫ్రీజరులో ఉన్నాను. పుట్టింది మాత్రం వెచ్చటి నెత్తురులో, రాయలసీమలోని ఒక పరిశోధనశాలలో, ఏడో నంబరు కుందేలు ఒంట్లో. రిజిస్టరులో దానికి నంబరే. గడ్డి వేసి సాకిన ఓబులేసుకు మాత్రం అది లచ్చుమక్క.

మెదడులో కబుర్లు మోసే డోపమిన్ ఎక్కడుందో పట్టుకోవడం నాలోని యాంటీబాడీల పని. డోపమిన్ మరీ చిన్నది. ఒంటరిగా ఎక్కిస్తే కుందేలు ఒళ్లు ఖాతరు చేయదు. అందుకే గ్లుటరాల్డిహైడ్ అనే ఘాటు మందుతో దాన్ని ఒక పెద్ద ప్రోటీనుకు అతికించి ఎక్కించారు. ఆ అతుకుతో ఉన్న ముఖమే నాకు తెలుసు. ఈ కిటుకు తెలిసిన పెద్ద శాస్త్రవేత్త రిటైరై, నోట్సు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. మనుషులు సీసా మీద తేదీ రాస్తారు, సంగతి రాయరు.

తర్వాత సీసాల్లోని చుక్కలం మేమంతా పరిశోధక విద్యార్థిని హేమావతి చేతికొచ్చాం. ఎలుక మెదళ్లను అక్కడి అలవాటు ప్రకారం ఫార్మలిన్‌లో నానబెట్టి, పల్చటి పొరలుగా కోసి, నా తోడబుట్టిన చుక్కలన్నీ వాటి మీద పోసింది. వాళ్లకు తెలిసిన ముఖం ఒక్కటీ కనబడలేదు. మేం పట్టుకున్నచోటే తేలాల్సిన రంగు తేలలేదు. అప్పటికి లచ్చుమక్క కన్నుమూసి ఏడాది. మిగిలింది నేనొక్కదాన్ని. నేనూ వృథా అయితే మూడేళ్ల థీసిస్ నీళ్లపాలే. హేమావతి తల పట్టుకుని కూర్చుంది.

సీసాలు కడుగుతున్న ఓబులేసు ముక్కు చిట్లించాడు.

"ఏందమ్మా ఈ కంపు? శవాల కొట్టం మాదిరుండాది."

"ఫార్మలినే అన్నా. ఎప్పుడూ వాడేదే గదా."

"మా లచ్చుమక్కకు సూదిమందు కలిపిన దినం ఈ వాసన కాదే! కుళ్లిన ఆపిల్ మాదిరి ఘాటు. ఆ బీకర్లు కడిగినోణ్ణి నేనే. రెండు దినాలు బువ్వ సయించలా. మీ సదువుల్లో ముక్కుకు పనే లేనట్టుందే!"

హేమావతి చివ్వున లేచింది. పాత డబ్బాలన్నీ మూత తీసి అతనికి వాసన చూపించింది. మూడో డబ్బా దగ్గర అతను తలూపాడు. దాని మీద 'గ్లుటరాల్డిహైడ్' అని ఉంది.

మరో ఎలుక ప్రాణం పోయింది. ఈసారి మెదడును ఆ మందులోనే గట్టిపరిచి, నన్ను బాగా పలచన చేసి పోసింది. నడిమెదడు పొరలో నాకు తెలిసిన ముఖాలు ఒకటా, రెండా! పట్టుకున్నాను. మర్నాడు రంగు వేస్తే గోధుమరంగు కణాలు బారులు తీరి కనిపించాయి.

మైక్రోస్కోపులో చూసి ఓబులేసు, "చీమలబారు మాదిరుండాది. ఇదేనా?" అన్నాడు.

"ఇదే అన్నా. చూపించింది మీ లచ్చుమక్కే."

అతను మళ్లీ వంగి కన్ను ఆనించాడు.

ఇప్పుడు సీసా ఖాళీ. నేను గాజు పలక మీద, చెక్కపెట్టెలో, పట్టుకున్నదాన్ని వదలకుండా ఉన్నాను. థీసిస్‌లో 'ఏడో నంబరు కుందేలు' అనే అచ్చయింది. పలక మూలన మాత్రం, మందులకు చెరగని పెన్సిలుతో, హేమావతి రాసిన నాలుగక్షరాలున్నాయి: లచ్చుమక్క.