ఎదిగే పిల్లకి రెండంగుళాలు

మా వీధి దర్జీ కొలత తప్పడమంటే సూర్యుడు దారి తప్పడమే. పాతికేళ్లుగా ఆయన మెడలో టేపు వేలాడుతోంది. స్నానానికి మాత్రం తీస్తాడు, అదీ ఇల్లాలు పోరు పెడితే. దారినపోయేవాడి వీపు చూసి భుజాలెంతో చెప్పేస్తాడు. ఒకసారి గోడ మీద పడిన నీడకి కొలత తీసి చొక్కా కుట్టాడు. మనిషి వచ్చి తొడుక్కుంటే చంక దగ్గర ముడత కూడా పడలేదు. ఆ చేతి కొలతకి వంక పెట్టినవాడు ఇంకా పుట్టలేదు.

ఆయనకి పదేళ్ల కూతురు. చలిగాలి తగిలినా, పక్కింట్లో దుప్పటి దులిపినా దాని ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. అందుకే బడిలో పిల్లలు దానికి 'పిల్లి' అని పేరు పెట్టారు. ఆటల పీరియడ్‌లో అందరూ మైదానంలో ఎగురుతుంటే, పిల్లి మెట్ల మీద కూర్చుని వాళ్ల నీళ్లసీసాలకి కాపలా కాసేది. అలా మూడేళ్లు కాసింది.

ఒకరోజు బడి నుంచి వచ్చి సంచీ విసిరికొట్టింది.

"నాన్నా, పోటీల్లో రెండు చుట్ల పరుగుంది. నేనూ పరిగెడతా. ఇంక సీసాలు కాయను."

దర్జీ మిషను తొక్కడం ఆపాడు. ఆయన మిషను ఆపాడంటే విషయం పెద్దదన్నమాటే.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ వీపు మీద గొట్టం పెట్టి వింది, ఇంకో గొట్టంలోకి ఊదించి చూసింది. "రోజూ మందు పీల్చడం మానకపోతే పరిగెత్తొచ్చు. కొంచెం కొంచెంగా పెంచండి. ఆయాసమొస్తే నడవాలి, కూతలొస్తే ఆగిపోయి మందు పీల్చాలి. పక్కన పెద్దవాళ్లెవరైనా ఉండాలి" అంది. ఆనక దర్జీ పొట్ట వంక చూసి, "మీరూ పరిగెత్తితే తప్పులేదు" అని చేర్చింది.

తెల్లారేసరికి తండ్రీకూతుళ్లు రోడ్డెక్కారు. రెండో కరెంటు స్తంభం దగ్గరే ఒకరు కూలబడ్డారు. పిల్లి కాదు.

"నాన్నా, బతికే ఉన్నావా?"

"ఉన్నానే తల్లీ. నువ్వు పద. ఈ స్తంభం ఒరిగేట్టుంది, కాసేపు పట్టుకుని వస్తా."

మూడు నెలలు అదే వరస. స్తంభాలు రెండు కాస్తా పది దాటాయి. వారానికోసారి దర్జీ కూతురి ఛాతీ చుట్టూ టేపు వేసేవాడు. ఊపిరి వదిలితే ఇంత, పీలిస్తే ఇంత అని ఆర్డర్ల పుస్తకం వెనక పేజీలో ఎక్కించేవాడు. పీల్చినప్పటి అంకె చూసి ఆయన ఛాతీయే ఉబ్బేది.

పోటీలకి పేరు ఇవ్వడానికి ఆ పుస్తకం చంకన పెట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని బడికి వెళ్లాడు. గదిలో పెద్ద మేడమ్, పక్కన ఆటల సారు.

"వాళ్లమ్మని పంపండి. ఆరోగ్యం సంగతులు ఆవిడతో మాట్లాడతాం" అంది పెద్ద మేడమ్.

"వాళ్లమ్మ బస్సు డిపోలో డ్యూటీ మీద ఉంది. మందు పీల్పించేది నేను, పక్కన పరిగెత్తేది నేను. దీనికి నాన్నని మేడమ్, జాకెట్లు ఇచ్చిపోడానికి రాలేదు."

ఆటల సారు గొంతు సవరించుకున్నాడు. "అది కాదండీ. పిల్లి... అదే, మీ అమ్మాయి పడిపోతే మాట పడేది నేను."

"పిల్లి పరిగెత్తదని ఏ పుస్తకంలో ఉంది సార్? ఇదిగో నా పుస్తకం. ఊపిరి పీలిస్తే మూడున్నర అంగుళాలు ఉబ్బుతోంది. మీకెంత ఉబ్బుతుంది?"

సారు పొట్ట లోపలికి లాక్కున్నాడు. పెద్ద మేడమ్ మాత్రం తేలిగ్గా నమ్మే మనిషి కాదు. టేపు అడిగి తీసుకుని తనే కొలిచింది. వదిలితే ఇరవై అయిదు. పీలిస్తే ఇరవై ఆరున్నర. పుస్తకంలో చూస్తే ఇరవై ఎనిమిదిన్నర.

"రెండంగుళాలు దారిలో పడిపోయాయాండీ?" అన్నాడు సారు.

దర్జీ పుస్తకం లాక్కుని అంకెల మీద వేలు పెట్టి చూశాడు. అప్పుడు తట్టింది. లూజు! ఎదిగే పిల్లల బట్టకి నిండు ఊపిరి కొలత తీసి, దాని మీద రెండంగుళాలు కలపడం పాతికేళ్ల అలవాటు. మనసుతో పని లేకుండా చెయ్యే కలిపేసింది, వారం వారం.

తప్పదని మొదట్లో కోతలు కోశాను కదూ? తప్పింది. మూడు నెలలు ఏకబిగిన తప్పింది. సూర్యుడు మాత్రం వేళకే వచ్చి వెళ్లాడు. నీడకి కుట్టిన చొక్కా జోలికి పోకండి, అది నిజమే.

పిల్లి తల వంచుకుంది. అది చూసేసరికి దర్జీకి ఎక్కడలేని రోషం వచ్చింది.

"ఔను మేడమ్, తప్పు నాదే. ఎదిగే పిల్లకి లూజు వదిలాను. మీరేం చేశారు? ఏడేళ్లప్పుడు దీనికో కొలత తీశారు, మెట్ల మీద కూర్చోబెట్టి బిగించి కుట్టేశారు. మూడేళ్లయినా కుట్టు విప్పలేదు. లూజెక్కువైతే పిల్ల ఎదిగి నింపుకుంటుంది. బిగుతైతే ఎక్కడికి ఎదగాలి?"

పెద్ద మేడమ్ మళ్లీ పుస్తకం తిరగేసింది.

"మొదటి వారం, ఆ లూజు తీసేస్తే?"

"అర అంగుళం."

"ఇప్పుడు ఒకటిన్నర. కొలత తప్పే, పెరగడం తప్పు కాదు. రెండు చుట్లకి సరేనని డాక్టరు చేత రాయించుకురండి. పేరు రాస్తాను."

ఆ సాయంత్రమే డాక్టరమ్మ పరీక్ష చేసి రాసిచ్చింది.

పోటీ రోజున దర్జీని కంచె బయట నిలబెట్టారు. పిడికిట్లో మందు పీల్చే గొట్టం పట్టుకుని కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. లోపల అసలు పిల్లి మొదటి చుట్టు పూర్తి చేసింది. రెండో చుట్టు సగంలో నడకలో పడింది.

"పిల్లి పనైపోయిందిరోయ్!" అని అరిచారు పిల్లలు. సారు ఈల నోట్లో పెట్టుకున్నాడు.

"ఊదకండి సార్!" కంచె ఊగిపోయింది. "అది ఆగలేదు, నడుస్తోంది! నేర్చుకున్నదే చేస్తోంది!"

పిల్లి నడుం మీద చేతులు పెట్టుకుని తన ఊపిరి తనే విన్నది. కూతలు లేవు. తండ్రి వంక చూసింది. 'వచ్చెయ్ తల్లీ' అన్న మాట దర్జీ గొంతు దాకా వచ్చింది. మింగేశాడు. ఇరవై అడుగులు నడిచి మళ్లీ పరుగందుకుంది. ఆయన కంచె వెంట పరిగెత్తాడు. చెప్పు తెగితే అక్కడే వదిలేశాడు.

అందరూ చేరి చెమటలు తుడుచుకున్నాక చేరింది పిల్లి.

"ఆఖరండీ" అన్నాడు సారు, కొంచెం జాలిగా.

"ఆఖరే. పెద్దక్షరాలతో రాయండి సార్. మూడేళ్లుగా ఆ కాగితం మీద దాని పేరే లేదు."

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. చెప్పు తెగలేదు, ప్యాంటు జారింది. పరుగులకి పొట్ట కరిగింది గానీ, వీధిలో అందరి నడుములూ కొలిచే మనిషికి తన నడుం కొలుచుకునే తీరిక దొరకలేదు. ఒక చేత్తో ప్యాంటు, ఇంకో చేత్తో మందు గొట్టం పట్టుకుని చివరిదాకా పరిగెత్తాడు. "దుకాణం పరువు పోతుంది, చెప్పు మీదికి నెట్టెయ్యి బాబాయ్" అన్నాడు నాతో. నెట్టాను.