ఎర్ర జెండా దిగాక

"కొంచెం ఎడమకి," అన్నాడు డ్వైట్ కింద నుంచి.

నోరీన్ నిచ్చెన మీద నిలబడి బోర్డును కొంచెం ఎడమకి జరిపింది. పెదాల మధ్య రెండు మేకులు, చంకలో సుత్తి. షాపులో ఏది తగిలించాలన్నా నిచ్చెన ఎక్కేది ఆమే. డ్వైట్‌కి ఇప్పుడు మోకాళ్ళ నొప్పి, అంతకు ముందు నడుం నొప్పి. ఏ నొప్పీ లేని రోజుల్లో, కింద నిలబడి సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి ఒకరుండాలి కదా అనేవాడు. అందుకే, ఇవాళ తగిలిస్తున్నది తన ఫొటోయే అన్న సంగతి నిచ్చెన ఎక్కేదాకా ఆమెకి పెద్దగా తట్టలేదు.

ఫొటో తలుపంత ఎత్తుంది. అందులో నోరీన్ ఊరి బయట తుపాకులు కాల్చే షూటింగ్ రేంజిలో బల్ల ముందు కూర్చుని ఉంది. చెవులకి చప్పుడు ఆపే మఫ్‌లు, ముందు ఆమె పాత రైఫిల్, కళ్ళు సగం మూసి, పెదాల మీద సన్నటి నవ్వు. కింద పెద్ద అక్షరాలతో, 'బామ్మ కూడా ఇక్కడే కొంటుంది' అని. దాని కింద తుపాకుల షాపు పేరు, హాస్కిన్ అండ్ సన్.

ఆమె మేకులు చేతిలోకి తీసుకుంది. "కొనడమేమిటి? నలభై ఏళ్ళుగా ఇక్కడ అమ్ముతున్నది నేను."

"జోకు అదే కదా," అన్నాడు డ్వైట్. "రేపు పొద్దున పత్రిక వాళ్ళు వస్తున్నారు. మనిద్దరం దీని ముందు నిలబడాలి. ఆ నీలం చొక్కా వేసుకో. మళ్ళీ కాస్త కుడికి."

షాపు పేరులో ఆమె లేదు. హాస్కిన్ అంటే మామగారు, సన్ అంటే ఆయన కొడుకు, ఆమె భర్త డ్వైట్. పెళ్ళైన కొత్తలో ఒకసారి నవ్వుతూ ఆ మాటెత్తితే అత్తగారన్నారు, "బోర్డు మీద పేరు నీకెందుకమ్మా? నువ్వెప్పుడూ లోపలే ఉంటావుగా." నిజమే, లోపలే ఉంది. ఏ వేటగాడికి ఏ తూటా సరిపోతుందో, భార్యకి చెప్పకుండా ఎవరు ఏం కొన్నారో, సరుకు ఎప్పుడు తెప్పించాలో, మామగారి మందులు ఏ పూట ఏవో, అన్నీ ఆమె తలలోనే ఉండేవి. జీతం మాట ఎవరూ ఎత్తలేదు. సొంత షాపుకి జీతమేమిటన్నారు. సొంతమైతే పేరేది అని అడగాలని ఆమెకి అప్పట్లో తోచలేదు.

ఈ లెక్కలో ఆమె తనకంటూ మిగుల్చుకున్నది గురువారం పొద్దుటి పూట ఒక్కటే. ఆ పూట డ్వైట్ కౌంటర్ చూసుకుంటాడు, ఆమె రేంజికి వెళుతుంది. పందేలకీ కాదు, పతకాలకీ కాదు. మఫ్‌లు పెట్టుకుంటే లోకంలో ఎవరి పిలుపూ వినబడదు. నోరీన్, టేపు ఎక్కడుంది. నోరీన్, కాఫీ అయిపోయింది. నోరీన్, మా అమ్మకి ఫోన్ చేశావా. అవేవీ ఆ గంటసేపు ఉండవు. అక్కడ ఆమె ఒక బల్ల దగ్గర కూర్చున్న మనిషి, అంతే. పక్క బల్ల వాడు తలూపుతాడు, ఆమె తలూపుతుంది. అంతకు మించి ఎవరూ ఎవరినీ కదిలించరు.

మొన్న ఒక గురువారం, రెండు బల్లల అవతల గడ్డపువాడొకడు ఫోను ఒక కర్రకి బిగించి తన వీడియో తానే తీసుకున్నాడు. వాడి వెనక ఆమె కూడా అందులో పడింది. అది ఊళ్ళో ఫోను నుంచి ఫోనుకి తిరిగి డ్వైట్ దాకా వచ్చింది. నోరీన్ మరుసటి గురువారం వాణ్ణి పట్టుకుంది. "అబ్బాయ్, నీ వీడియోలో నేనున్నాను. నాకిష్టం లేదు."

వాడు ఎందుకని అడగలేదు. ముందు లోపల తూటా లేదని కనబడేలా రైఫిల్ బోల్టు తెరిచి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఫోను తీశాడు. "తప్పు నాదేనండీ. తీసే ముందు అడగాల్సింది. మా తాతకి తెలిస్తే నా చెవులు పిండేవాడు." ఆమె కళ్ళెదుటే వీడియో తుడిచేసి, చూడండి అని చూపించాడు కూడా.

ముక్కూ మొహం తెలియనివాడితో పని అంత తేలిగ్గా అయిపోయింది. ఇంటికొచ్చి ఆ మాటే చెబితే డ్వైట్ నవ్వాడు. "వాడు తుడిచేస్తే ఏం, నేను ముందే అందులోంచి నీ ఫొటో తీసి దాచుకున్నాగా. బిల్లింగ్స్ పట్నంలో అచ్చుకి కూడా ఇచ్చేశాను. అయినా నోరీన్, ఇంత బాగా నవ్వడం నీకొచ్చని నాకు తెలీదు సుమా."

"నాకిష్టం లేదు డ్వైట్."

"నీ ఫొటో, మన షాపు. జనం వస్తారు. ఇందులో ఎవరికి నష్టం?"

ఆమె వ్యాపారం తెలిసిన మనిషి. జనం వస్తారన్నది నిజమని ఆమెకీ తెలుసు. నష్టమేమిటో మాత్రం ఆ రోజు ఆమెకే తేలలేదు. గిన్నెలు కడుగుతూ ఉండిపోయింది.

ఇప్పుడు నిచ్చెన మీద, తన మొహానికి ఇంత దగ్గరగా నిలబడి ఉంటే, ఆమెకి నాన్న గుర్తొచ్చాడు.

నాన్న పేరు ఆర్విల్. ఆ రేంజికి అజమాయిషీ అప్పట్లో ఆయనదే. అది పాత కంకర గుంత. సేజ్ పొదల వాసన, కాలిన తుపాకి మందు వాసన, ఫ్లాస్కులో అమ్మ పోసిచ్చిన కాఫీ వాసన, మూడూ కలిస్తే ఈనాటికీ నోరీన్‌కి ఆదివారం అనిపిస్తుంది. కాలుస్తున్నంత సేపూ కర్ర మీద ఎర్ర జెండా ఎగిరేది. నాన్న ఈల వేసి జెండా దించితే అందరూ బోల్టులు తెరిచి, తుపాకులు బల్లల మీద పెట్టి, పసుపు గీత వెనక్కి రావాలి. చిన్న నోరీన్ అప్పుడు డబ్బా పట్టుకుని ఖాళీ తూటా గొట్టాలు ఏరేది. ఇంకా వెచ్చగా ఉండేవి, డబ్బాలో పడితే గలగలమనేవి.

ఎవరైనా కెమెరా తెస్తే ఆమెకి మరో పని పడేది. జెండా దిగాక, వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి ఒక్కొక్కరినీ అడగాలి. "ఫొటోలో మీరు పడితే ఫరవాలేదా అండీ?" ఫరవాలేదన్నవాళ్ళు ఉంటారు, వద్దన్నవాళ్ళు పక్కకి జరుగుతారు, లేదా వీపు తిప్పుతారు. ఒంట్లో బాగాలేదని పనికి సెలవు పెట్టి వచ్చినవాడు ఉండేవాడు. విడాకుల గొడవలో ఉన్నవాడు ఉండేవాడు. ఉత్తినే ఇష్టం లేనివాడూ ఉండేవాడు. "కారణం అడక్కూడదు నోరీ," అనేవాడు నాన్న. "వద్దంటే వద్దనే. మనిషి మొహం మనిషిదే. వాళ్ళివ్వందే తీసుకోకూడదు."

ఆ ఏడాది రేకుల షెడ్డు కొత్తగా వేశారు. దాని ముందు అందరినీ నిలబెట్టి ఫొటో తీస్తానని కౌంటీ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. నోరీన్ వరసంతా అడిగింది. అందరూ సరేనన్నారు. పరిగెత్తుకుంటూ వెళ్ళి చెబితే నాన్న తలూపలేదు.

"ఒకరిని వదిలేశావు."

వరస చివర అమ్మ వెస్టా నిలబడి ఉంది, తన చిన్న రైఫిల్ బల్ల మీద పెట్టి.

"అమ్మే కదా నాన్నా."

"అందుకే మర్చిపోయావు. వెళ్ళి అడుగు."

నోరీన్ వెళ్ళి అడిగింది. అమ్మ చేతులు గౌనుకి తుడుచుకుంది. దూరంగా తూటాలు తగిలే కంకర గట్టు వైపు చూసింది. మగవాళ్ళందరూ టోపీలు సర్దుకుంటూ ఆగారు. కౌంటీ ఆయన దగ్గాడు. నాన్న చేతిలో ఈల పట్టుకుని కదలకుండా ఆగాడు. అమ్మ కోసం అంతమంది ఆగడం నోరీన్ అంతకు ముందెప్పుడూ చూడలేదు. ఇంట్లో ఏ సంగతీ అమ్మని ఎవరూ అడగరు. ఇల్లు మారుతున్నామన్న కబురు కూడా, సామాను సర్దమన్నప్పుడే అమ్మకి తెలిసింది. ఆ ఇంట్లో అడగనివాడు కూడా నాన్నే. కానీ ఆ పసుపు గీత దగ్గర ఆ ఒక్క రోజు అడిగాడు.

"వద్దు," అంది అమ్మ చివరికి.

"అయితే పక్కకి జరుగు వెస్టా, వాళ్ళు తీసుకుంటారు," అన్నాడు నాన్న.

"జరగను. వరసలో ఉంటాను. మొహం మాత్రం ఇవ్వను." అని గట్టు వైపుకి తిరిగి నిలబడింది.

ఆ ఫొటో ఇప్పటికీ షెడ్డులో ఉంది. నవ్వుతున్న మగవాళ్ళ వరస, చివర ఒక ఆడమనిషి వీపు, గాలికి ఎగిరిన గౌను అంచు. వెస్టాకి ఎంత పొగరో చూడండి అని నోరీన్ మేనత్త నవ్వేది. ఆ రోజు బండిలో ఇంటికి వస్తూ అమ్మ ఏదో పాట కూనిరాగం తీసింది. ఆ సంగతి మేనత్తకి తెలీదు. అమ్మ పాడగా నోరీన్ విన్నది ఆ ఒక్కసారే.

"నిద్రపోయావా పైన? మేకు కొట్టు," అన్నాడు డ్వైట్.

నోరీన్ బోర్డులో ఉన్న తన నవ్వుని చూసింది. అది ఎవరి కోసమూ నవ్వింది కాదు. కౌంటర్ వెనక నవ్వేది వేరే, బేరం కుదరడానికి నవ్వేది. ఇంట్లో భోజనాలు వడ్డిస్తూ నవ్వేది మరొకటి. అవన్నీ ఈ ఇంటికి ఇచ్చింది, లెక్క అడగలేదు. ఇది మాత్రం ఇచ్చిన సరుకు కాదు. రేపు ఇది గోడ మీద ఉంటే, ఎల్లుండి రేంజిలో ప్రతివాడూ తన మఫ్‌లు పైకెత్తి, ఓ బామ్మా అని పలకరిస్తాడు. గురువారం కూడా కౌంటర్ అయిపోతుంది. ఎవరికి నష్టం అన్నాడు కదా. ఇదిగో, ఇదీ నష్టం.

బోర్డు పై మూలల్లో రెండు కన్నాలున్నాయి. ఎటు తిప్పినా మేకు పడుతుంది. ఆమె బోర్డుని రెండు చేతులతో తిప్పి, మొహం గోడకి ఆనించి, ఒక మేకు కొట్టింది. తర్వాత రెండోది. ఇటు వైపు ఉత్త గోధుమరంగు అట్ట, మూల అచ్చువాళ్ళ చీటీ.

"నోరీన్, అది వెనక వైపు."

"తెలుసు. ఎడమకి సరిపోయిందా?"

"పిచ్చిగానీ పట్టిందా? రేపు పత్రిక వాళ్ళడిగితే ఏం చెప్పను?"

"చెప్పక్కర్లేదు. కారణం అడక్కూడదు."

డ్వైట్ నిచ్చెన పట్టుకుని పైకి చూశాడు. ఇన్నేళ్ళూ కింద నుంచి తగిలించేదాన్నే చూశాడు గానీ, ఆమెని అంతసేపు అతను చూసి ఉండడు. "సరే తల్లీ," అన్నాడు చివరికి, కొంత విసుగ్గా, కొంత భయంగా. "ఇప్పుడు అడుగుతున్నా. నీ ఫొటో పెట్టుకోమంటావా, వద్దంటావా?"

నోరీన్ సుత్తి ఒళ్ళో పెట్టుకుని నిచ్చెన పైమెట్టు మీద కూర్చుంది. జవాబు ఆమెకి ఎప్పుడో తెలుసు. అయినా తొందరపడలేదు. చేతులు ప్యాంటుకి తుడుచుకుంది. కిటికీ అవతల దూరంగా కంకర గట్టు ఉన్న వైపు చూసింది. కౌంటర్ మీద ఫోను మోగి ఆగిపోయింది. కింద డ్వైట్ నిలబడే ఉన్నాడు.

నిలబడనీ, అనుకుంది.