అరువు ముక్కు

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ చలికాలం జ్వరం తగ్గి లేచి చూసుకుంటే కోపం ఉన్నచోటే ఉంది, వాసన మాత్రం పోయింది. డాక్టరు నా ముక్కులోకి లైటు వేసి చూసి, "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. ఆ మాత్రం నేనూ చెప్పగలను.

నా బతుకుతెరువే వంట. మా వీధి చివరి ఆఫీసులకు మధ్యాహ్నం క్యారేజీలు కట్టి పంపుతాను. వాసన తెలియకుండా పదిమందికి వండటమంటే, మా ఆయన కళ్ళకు గంతలు కట్టుకుని బస్సు నడపటమే. నీరసంగా ఉందని చెప్పి క్యారేజీలు ఆపేశాను. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. ముఖ్యంగా అత్తగారికి. మేమిద్దరం ఉప్పూ నిప్పూ. కళ్ళు మసకబారేదాకా ఆ వంటిల్లు ఆవిడదే. ఇప్పటికీ పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుని, నా వంటకు వంకలు పెడుతూ ఉంటుంది.

ఇంట్లోవాళ్ళకు మాత్రం చేతి అలవాటు కొద్దీ వండేస్తున్నాను. ఆకుకూరలు పెద్ద షాపులో ప్యాకెట్లు తెచ్చుకోవడం మొదలుపెట్టాను. ప్యాకెట్ మీద తేదీ ఉంటుంది, ఇక ముక్కుతో పనేముంది? అలా గుట్టుగా లాక్కొస్తుంటే, పుదీనా వల్ల గుట్టు కాస్తా రట్టయింది.

"ఏమే అమ్మాయ్, ఈ పుదీనా ఎక్కడిది?" అంది అత్తగారు, ఆకులు తుంపుతున్నదల్లా ఆగి.

"షాపులోదే. పొద్దున్నే కొన్నాను అత్తయ్యా."

"ఇంత కుళ్ళు కంపు కొడుతుంటే ఎలా కొన్నావే?"

"మీకన్నీ వంకలే. పచ్చగా నవనవలాడుతుంటేనూ!"

ఆవిడ మెల్లిగా లేచి, గట్టు మీద తడుముకుని ఏదో నలిపి, గుప్పిట నా ముక్కు కింద పెట్టింది. "కళ్ళు మూసుకో. ఇదేంటో చెప్పు."

"కొత్తిమీర," అన్నాను, ధైర్యం చేసి.

కళ్ళు తెరిస్తే ఆవిడ అరచేతిలో వెల్లుల్లి.

"ఎన్నాళ్ళయిందే?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆవిడ గొంతు అంత మెత్తగా వినలేదు నేను.

"జ్వరం వచ్చినప్పటినుంచి. ఇక నేను వండలేనేమో అత్తయ్యా."

దెప్పుతుందని చూశాను. దొరికిపోయిన కోడలిని ఏ అత్త వదులుతుంది? ఆవిడ మాత్రం చెయ్యి కొంగుకు తుడుచుకుని, "నీకు ముక్కు లేదు, నాకు కళ్ళు లేవు. ఇద్దరం కలిస్తే ఒక వంటమనిషికి సరిపోతాం. రేపు సంతకు పద," అంది.

బస్సు డిపో వెనక మైదానంలో, ఊరి చుట్టుపక్కల పండించేవాళ్ళే నేల మీద గోనెలు పరిచి అమ్ముతారు. నా మోచెయ్యి పట్టుకుని అత్తగారు ప్రతి గోనె దగ్గరా ఆగింది. ప్రతి కట్టా ఎత్తి వాసన చూసింది.

"మామ్మగారూ, వాసనంతా మీరే పీల్చేస్తే మిగతావాళ్ళకు ఏం అమ్మను?" అని నవ్వింది ఆకుకూరల అమ్మాయి.

"ఎప్పుడు కోశావే?"

"తెల్లారి, మంచు ఆరకముందే. కాలవ అవతలే మా మడి."

"చూశావా!" అంది అత్తగారు నా వైపు తిరిగి. "నీ ప్యాకెట్ ఆకు ఎన్ని ఊళ్ళు తిరిగొచ్చిందో ఏమో, అలిసిపోయి దారిలోనే కుళ్ళడం మొదలెట్టింది."

కొత్తిమీర, మెంతికూర, పుదీనా కొన్నాం. వేళ్ళ మట్టితో సహా గుడ్డసంచిలో వేసుకుని తెచ్చాం. పుదీనా ఆకులు దూసుకున్నాక కాడల్ని అత్తగారు పారెయ్యనివ్వలేదు. పగిలిన బకెట్లో మట్టి నింపి, కిటికీ దగ్గర గుచ్చింది.

ఆ మర్నాటినుంచి ఆవిడ బడి మొదలయింది. పొద్దున్నే ఒక ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టేది.

"ఏంటి?"

"ఏమీ లేదు."

"సరే, రేపు చూద్దాం."

బకెట్లో పుదీనా చిగుర్లేసింది. నా ముక్కు చిగురించలేదు. ఒకరోజు విసుగెత్తి, "ఇక చాలు ఈ నాటకం!" అని కొత్తిమీర కట్ట నేలకేసి కొట్టాను. ఆవిడ వంగి, తడుముకుంటూ ఒక్కో రెమ్మా ఏరింది. "కోపం వచ్చిందిగా, ముక్కు బతికే ఉందిలే," అంది. నాకు సిగ్గేసింది.

ఎంతకని ఆగుతాం? ఆవిడ ముక్కు అరువు తెచ్చుకుని క్యారేజీలు మళ్ళీ మొదలుపెట్టాను. మొదటిరోజు మెంతికూర, బంగాళాదుంపల కూర. పొయ్యి మీద ఉల్లిపాయలు వేగుతున్నాయి, అత్తగారు పీట మీద కాపలా కూర్చుంది. ఆవిడ ఉందన్న ధీమాతో నేను అటు తిరిగి దుంపలు తరుగుతున్నాను.

ఉన్నట్టుండి ముక్కులో ఏదో గుచ్చుకుంది. తల విదిలించాను. మళ్ళీ వచ్చింది. ఈసారి ఘాటుగా, చేదుగా.

"మాడుతోంది!"

పరిగెత్తి పొయ్యి కట్టేశాను. గిన్నె అడుగంటి నల్లబడింది. నేను అరిచిందేమిటో అప్పటికిగానీ నాకే అర్థం కాలేదు.

"అత్తయ్యా, మీకు తెలియలేదా?"

"ఎర్రబడ్డప్పుడే తెలిసింది."

"మరి చెప్పరేం!"

"నీకు తెలుస్తుందేమోనని చూస్తున్నా."

ఒక్క ఉల్లిముక్క నల్లబడితే ఇల్లు పీకి పందిరి వేసే మనిషి, కళ్ళలో నీళ్ళు తిరిగేంత పొగలో నోరు మూసుకుని కూర్చుంది. నా వల్ల కాలేదు. పీట పక్కన కూలబడి, ఆవిడ ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను.

"అత్త పోయిన ఆర్నెల్లకు కోడలు ఏడ్చిందట," అంది ఆవిడ నా తల నిమురుతూ. "నువ్వు తొందరపడుతున్నావే, నేనింకా ఉన్నాను. లే, క్యారేజీలకు టైమవుతోంది. ఇంకో గిన్నె పెట్టు."

కూర మళ్ళీ మొదటినుంచి వండాను. దించాక కొత్తిమీర నలిపి చూసుకున్నాను. ఏమీ తెలియలేదు. అయినా ఈసారి దిగులు వెయ్యలేదు. "రేపు చూద్దాం," అని నేనే అన్నాను.

మాడిన గిన్నె మాత్రం సాయంత్రందాకా తోమలేదు. అటు వెళ్ళినప్పుడల్లా మూత తీసి వాసన చూసుకుంటూనే ఉన్నాను.