ఇరవై రెండు సెకన్ల వందనం

శ్యామల హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. కాబట్టి ఊళ్లో ఎవరి ఫోన్ మొండికేసినా, ఎవరి టీవీలో బొమ్మ ఆగిపోయినా అది ఆమె తప్పే. తను బీటెక్ చదివింది ఇందుకేనా అని చాలాసార్లు అనుమానం వచ్చింది. కోత పండుగకు నాలుగు రోజుల ముందు పాస్టర్ ప్రభాకర్ భుజాన ట్రైపాడ్ వేసుకుని గుమ్మంలో నిలబడేసరికి ఆ అనుమానం తీరిపోయింది.

ఆయన ఖమ్మంలో ఒకరోజు శిక్షణకు వెళ్లొచ్చాడు. చర్చిలు ఆన్‌లైన్‌లో జనాన్ని ఎలా చేరుకోవాలో అక్కడ నేర్పారట. భోజనం కూడా బాగుందట.

"శ్యామలమ్మా, ఇగ మన చర్చి కూడ లైవ్. ఛానల్ పెట్టేసిన. నలభై ఒక్కమంది సబ్‌స్క్రైబర్లు!"

"మన చర్చిల ఉన్నదే నలభై మంది గద అయ్యగారూ."

"అవ్. ఒకలు ఎక్కువే వచ్చిండ్రు. జూలూరుపాడుల కోళ్ల దుకాణమాయనతోని చేపిచ్చిన."

శ్యామల నవ్వాపుకుంది. కానీ ఈసారి ఆ లైవ్ ఆమెకే అవసరం. కారణం నానమ్మ.

నానమ్మ కొండమ్మ నెల కింద బోరింగు దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి లోపల రేకు బిగించారు. ఇంకో నెల మంచం దిగొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఖమ్మంలోని ఖానాపురం హవేలీ పేటలో, చిన్నాయన రాజేష్ ఇంట్లో పడుకోబెట్టారు. చిక్కేమిటంటే, ముప్పై ఒక్క ఏళ్లుగా కోత పండుగ పాట ఆమెదే. ఒక్కో ఇంటివాళ్లు తమ పంటలో కొంత చేత పట్టుకుని ముందుకు వస్తారు. కొండమ్మ ఆ వస్తువును ఎగాదిగా చూసి, అప్పటికప్పుడు ఒక చరణం కట్టి, చివర్లో ఆ ఇంటి పేరు పాడుతుంది. అందరూ "వందనం, వందనం" అని అందుకుంటారు. ఏ పుస్తకంలోనూ ఉండదు ఆ పాట. ఆమె పాడకపోతే ఇచ్చింది దేవుడికి అందనట్టే. ఒకసారి "గుప్పెడు కందులు" అని పాడినందుకు ఒక ఇల్లు మూడు నెలలు చర్చి గడప తొక్కలేదు.

ఆ రాత్రే ఆమె ఫోన్ చేసింది. "ఆదివారం వస్తున్న బిడ్డా. ఆటో మాట్లాడిన."

"నానమ్మా! డాక్టర్ లెవ్వద్దన్నడు గద."

"లెవ్వద్దన్నడు. ఆటోల పండొద్దన్నడా?"

ఊరికి వచ్చే ఆఖరి పదకొండు కిలోమీటర్లలో గుంతలే ఎక్కువ, రోడ్డు తక్కువ. శ్యామలకు ఆ రేకు కళ్లముందు కదిలింది. "నువ్వు అక్కడ్నే ఉండు, నేను ఇక్కడ పాడిపిస్త," అంది.

"పాట నడిస్తే సరే. ఆగిందో, ఆటో ఎక్కుడే."

వీడియో కాల్ చేద్దామంది శ్యామల. పాస్టర్ ఒప్పుకోలేదు. వీడియో కాల్‌కు సబ్‌స్క్రైబర్లు రారు. చర్చిలో సిగ్నల్ చూడటానికి సరిపోతుంది కానీ, రెండు వీడియోలు ఒకేసారి పంపడానికి చాలదు. చివరికి ఇట్లా ఒప్పందం కుదిరింది: కొండమ్మ రాజేష్ ఇంటి టీవీలో లైవ్ చూస్తుంది, పాట మాత్రం మామూలు ఫోన్‌లో పాడుతుంది, ఆ ఫోన్ ఇక్కడ మైకు ముందు ఉంటుంది.

"లైవ్‌ల బొమ్మ ఆలస్యంగ పోతదయ్యగారూ. ఇరవై రెండు సెకన్లు. కొలిచిన."

"మన ఆరాధనే గంట ఆలస్యం తల్లీ. ఇరవై రెండు సెకన్లు ఒక లెక్కనా?"

ఆదివారం చర్చి నిండింది. ముందుగా లచ్చయ్య ఎర్ర తురాయి పుంజును చంకలో పెట్టుకుని వచ్చాడు. నిలబడ్డాడు. ఫోన్ పలకలేదు. అటూ ఇటూ చూసి, పుంజును గంపలో పెట్టి వెళ్లి కూర్చున్నాడు.

తర్వాత బొజ్జయ్య. ఊళ్లో అందరికంటే ఎక్కువ పత్తి ఆయనదే. చేతిలో రెండు నిమ్మకాయలు. అవి పైకెత్తగానే స్పీకర్ మోగింది:

"ఎర్రని తురాయి, ఎగిరెగిరి కూసేటి, రెండు కిలోల పుంజు..."

చర్చి మొత్తం నిమ్మకాయల వైపు చూసింది. బొజ్జయ్య కూడా ఒకసారి చూసుకుని, కాదనడం మర్యాద కాదన్నట్టు తల వంచి వందనం స్వీకరించాడు.

ఆ వెనక శ్రావణి తేనె సీసాతో నిలబడింది. అడవిలో రెండు రోజులు తిరిగి తెచ్చిన తేనె.

"పచ్చని తోలువి, పులుపే పులుపువి, రెండంటె రెండే..."

"ఏంది? నా తేనె పులుపా?" శ్రావణి సీసా కొంగు కింద దాచేసింది.

లచ్చయ్య లేచి గంపలోంచి పుంజును తీసుకున్నాడు. "పుంజు నాది, వందనం బొజ్జయ్యకా? ఇట్లయితే నేను ఇంటికి పోయి కూర వండుకుంట."

పుంజు కూడా అరవడం మొదలుపెట్టింది. ఫోన్‌లోంచి కొండమ్మ గొంతు అంతకంటే గట్టిగా వచ్చింది. "ఏందా లొల్లి? నా పాట చెడగొట్టిండ్రా? రాజేషూ, ఆటో స్టార్ట్ చెయ్యమను!"

శ్యామల పరుగున ఫోన్ అందుకుంది. "నానమ్మా, ఆగు. ఎవరు ఏం తెచ్చిండ్రో నేను నీకు ఫోన్‌ల చెప్త. నువ్వు పాడు."

"నువ్వు చెప్తే నేను పాడుడేంది? తేనె చిక్కగున్నదో, నీళ్లగున్నదో నా కళ్లకు కనవడాలె. చూడకుండ పాడితే అబద్ధం ఆడినట్టు. దేవుని ముంగట అబద్ధమాడమంటవా?"

వెనక నుంచి రాజేష్ అందుకున్నాడు. "శ్యామలా, జల్దీ ఏమన్న చెయ్యి. చెప్పులు అడుగుతున్నది."

బొమ్మను తొందరపెట్టడం శ్యామల చేతిలో లేదు. నానమ్మను తొందరపెట్టడం ఎవరి చేతిలోనూ లేదు. మిగిలింది జనమే. మైకు అందుకుంది.

"అందరు వినుర్రి. మళ్ల మొదటి నుంచి. తెచ్చింది కెమెరా ముంగట పట్టుకొని నిలబడుర్రి. మీ ఇంటి పేరు వచ్చేదాక కదలొద్దు, మాట్లాడొద్దు."

లచ్చయ్య పుంజుతో నిలబడ్డాడు. ఎప్పుడూ రెండు క్షణాల్లో అయిపోయే పని. ఇప్పుడు ఊరంతా ఇరవై రెండు సెకన్లు తననే చూస్తోంది. ఆయన మీసం సర్దుకున్నాడు. పుంజు కెమెరాను అనుమానంగా చూసింది. అప్పుడు వచ్చింది పాట, పుంజు తురాయితో మొదలై లచ్చయ్య ఇంటి పేరుతో ఆగింది. "వందనం!" అని రేకుల కప్పు అదిరింది.

శ్రావణి సీసాను వెలుతురుకు పెట్టి నిలబడింది. "అడవి పూలన్ని ఒక్క సీసాల" అని వచ్చేసరికి కళ్లు తుడుచుకుంది.

బొజ్జయ్య వంతు వచ్చింది. ఎనిమిదో సెకనుకు నవ్వాడు. పన్నెండుకు నిమ్మకాయలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. పదహారుకు, ఎవరూ అడక్కుండానే, "మా చెట్టుయే," అన్నాడు.

"మరిదీ," అంది ఫోన్, "చేతుల ఏమున్నదో కనవడ్తలేదు. దగ్గరికి రా."

ఒక అడుగు వేశాడు. మళ్లీ ఇరవై రెండు సెకన్లు.

"ఇంకింత దగ్గరికి."

"ఉండు వదినె," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "అసలుది బండి మీద మర్చిపోయిన." నిమ్మకాయలు బల్ల మీద పెట్టి బయటికి పరిగెత్తాడు. పావుగంటకు పెద్ద గుమ్మడికాయ, బస్తాడు పత్తి మోసుకుంటూ రొప్పుతూ వచ్చాడు. ఏ బండి మీద అవి రెండూ పడతాయని ఎవరూ అడగలేదు.

ఆ పావుగంటలో లైవ్ చూసేవాళ్లు నూట అరవై దాటారు. అంతకుముందున్న వాళ్లలో ముప్పై మంది ఈ గదిలోనే ఫోన్లు పట్టుకుని కూర్చున్నవాళ్లు. కొత్తవాళ్లంతా పనులకని కొత్తగూడెం, హైదరాబాద్ పోయిన ఊరివాళ్లే. బొజ్జయ్య నిమ్మకాయల కబురు ఒకరికొకరు పంపుకున్నారు. పాస్టర్ ముఖం వెలిగిపోతోంది.

కింద ఒక కామెంట్ వచ్చింది. శ్యామల పైకి చదివింది. "నేను జంపయ్యను. పైపుల పని మీద హైదరాబాద్ వచ్చిన. మా ఇంటికి తాళమే ఉన్నది. మా ఇంటి పేరు కూడ పాడుతవా పెద్దమ్మా?"

"పాడుత గని, వస్తువేది?" అంది కొండమ్మ. "చూడకుండ పాడ."

బొజ్జయ్య గొంతు సవరించుకున్నాడు. బల్ల మీది నిమ్మకాయలు తీసి రెండు చేతులా పైకెత్తాడు. "ఇయి జంపయ్యయి అనుకో వదినె. మా చెట్టు కొమ్మ వాని దొడ్లెకే వంగింది."

ఇరవై రెండు సెకన్లు నిలబడ్డాడు. ఈసారి చేతులు మార్చుకోలేదు. పాట వచ్చింది. దూరం పోయినోని ఇంటి నిమ్మకాయలంది, వాసన ఇక్కడిదాకా వస్తున్నదంది. వందనం చెప్పి అందరూ ఫోన్లు చూస్తూ కూర్చున్నారు. లెక్కగా అంతసేపటికే జంపయ్య నుంచి దండం పెట్టే చేతుల బొమ్మలు ఒక వరుస వచ్చాయి.

అన్ని ఇళ్లూ అయ్యేసరికి మధ్యాహ్నం రెండున్నర. అన్నం చల్లారిపోయింది. అయినా పాస్టర్ ప్రసంగం మానలేదు. చేతులు చాచి "ప్రియులారా!" అన్నాడో లేదో, స్పీకర్‌లోంచి గుర్రుమని శబ్దం వచ్చింది. మళ్లీ వచ్చింది, ఇంకా దీర్ఘంగా.

శ్యామల ఫోన్ చెవికి పెట్టుకుంది. రాజేష్ గుసగుసలాడాడు. "పండుకున్నదే. ఆటో వాపస్ పంపిన."

ఆమె కాల్ కట్ చేయబోయింది. పాస్టర్ వద్దని చెయ్యి ఊపి, లైవ్ అంకె వైపు చూపించాడు. ఒక్కరు కూడా తగ్గలేదు.

ఆయన మైకును నోటికి దూరంగా జరుపుకుని, ఎవరినీ నిద్రలేపకుండా, జీవితంలో మొదటిసారి మెల్లగా ప్రసంగం చెప్పాడు.