ఇరవై ఒకటో చెయ్యి

లెక్కలు చేస్తూ నవ్వాలిట. పళ్ళు కనపడేలా నవ్వాలిట. మూర్తి మాస్టారు బల్ల మీద బెత్తంతో కొట్టి మరీ చెబుతున్నాడు.

"ఎల్లుండి ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారు. లెక్క ఇవ్వగానే మొహాలు ముడుచుకున్నారో, ఆయన అటు బస్సెక్కగానే ఇటు ఒక్కొక్కడి వీపూ విమానం మోత మోగిపోద్ది. ఏదీ, నవ్వండి!"

నలభై మంది పిల్లలూ నవ్వారు. నెత్తి మీద గంపతో కిటికీ బయట నిలబడ్డ గంగరాజు ఆ నవ్వు చూశాడు. సంతలో బేరానికి పెట్టిన ఎడ్లు పళ్ళు చూపించినట్టుంది. రెండో వరసలో తన కూతురు పుష్పావతి కూడా చూపిస్తోంది.

గంపలో ఉన్నవి పచ్చి మామిడికాయలు. ఈ కొత్త పద్ధతి ప్రకారం లెక్కలు ఆటపాటలతో, కళ్ళెదుట వస్తువులతో చెప్పాలని మాస్టారు ట్రెయినింగులో నేర్చుకొచ్చాడు. మామిడి తోటల మధ్య బడికి మామిడికాయల్ని మించిన వస్తువేముంది? బడి కమిటీకి ప్రెసిడెంటు కాయల షావుకారు శ్రీరాములు గారు. ఆయన పాకలోంచి వారం రోజులుగా రోజుకో గంప బడికి వస్తోంది. పొద్దున పాఠానికొచ్చిన కాయలు ఒంటిపూట బడి వదిలేసరికి మాస్టారింటికెళ్ళి ఆవకాయ ముక్కలవుతున్నాయి. పిల్లలు వాటిని ముట్టుకుని ఎరగరు. దూరం నుంచి చూసి, నవ్వి, జవాబు చెప్పడమే.

"అక్కడ దించి పోరా," అన్నాడు మాస్టారు, గంగరాజు తనకంటే పదేళ్ళు పెద్దవాడన్న సంగతి పట్టకుండా.

గంగరాజు మూడో తరగతిలో బడి మానేశాడు. మానేశాడనడం మర్యాదకి. అప్పటి పంతులు ముప్పాతిక ఎక్కం అప్పజెప్పలేదని దూలానికి తాడేసి కోదండం వేయించాడు. కింద తుమ్మ ముళ్ళు పరిపించాడు. రెండు చేతులతో తాడు పట్టుకు వేలాడుతూ, ముప్పాతిక అంటే ఏమిటో ఎవరైనా ఒక్కసారి చెబితే బాగుండునని ఆ కుర్రాడు అనుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. చేతులు జారాయి. అరికాళ్ళలో ముళ్ళు అమ్మ సూదితో తీసింది. మర్నాటి నుంచి గేదెల వెంట పోయాడు.

అలాంటివాడు ఇరవై ఏళ్ళుగా శ్రీరాములు గారి పాకలో కాయలు లెక్కపెడుతున్నాడు. రైతులు బండ్ల మీద తెచ్చి పోసిన రాశి ముందు గొంతుక్కూర్చుని, రెండు చేతులా ఐదు కాయలు ఎత్తి అవతల పోస్తాడు. అది ఒక చెయ్యి. ఒకటి అనకూడదు కనక "లాభం" అని మొదలుపెట్టి, "రెండు, మూడు" అంటూ రాగం తీస్తాడు. ఇరవై చేతులయ్యాక ఆపడు. "కొసరూ" అని ఇంకో చెయ్యి వేసి, అప్పుడు "వందా!" అంటాడు. ఆ పాకలో వంద అంటే ఇరవై ఒక్క చేతులు. గవర్నమెంటువారు అణాలు తీసేసి రూపాయికి వంద నయాపైసలని చాటింపు వేయించి నాలుగేళ్ళయినా, శ్రీరాములు గారి పాకలో వంద మాత్రం ఇంకా వంద కాలేదు.

పుష్పావతికి తొమ్మిదేళ్ళు. దానికి లెక్కల మీద బెత్తం పడకూడదని గంగరాజు ఒట్టేసుకున్నాడు. బడి వదిలాక పాకలో తన పక్కన కూర్చోబెట్టుకుని, తను చేతులు వేస్తుంటే దాన్ని రాగం తీయమనేవాడు. తప్పితే తిట్టేవాడు కాదు. "మళ్ళీ చూసుకో తల్లీ" అనేవాడంతే. ఆ పిల్ల ఎక్కాలు బట్టీ పట్టలేదు, కాయలు పేర్చి తనే కనుక్కుంది. ఓ రోజు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టి లాగింది.

"నాన్నా, తొమ్మిదో ఎక్కంలో దొంగుంది!"

"దొంగేంటే?"

"పద్దెనిమిదిలో ఒకటీ ఎనిమిదీ కలిపితే ఎంత? తొమ్మిది. ఇరవై ఏడులో రెండూ ఏడూ? మళ్ళీ తొమ్మిదే. ముప్పై ఆరు చూడు. ఎటు పోయినా అదే వచ్చి కూర్చుంటంది!"

గంగరాజు వేళ్ళు మడిచి చూసుకున్నాడు. నిజమే. ఇన్నేళ్ళూ ఆ ఎక్కం పక్కనే తిరిగి, ఇంత ముచ్చట దాన్లో ఉందని తెలియకుండానే ముసలివాడయిపోతున్నాడు. ఆ పూట ఆ ఆనందంలో లెక్క తప్పాడు. షావుకారు చేత తిట్లు తిన్నాడు. తిన్నా బాధ లేకపోయింది. ఈ పిల్లకి ఈ ముచ్చట చచ్చిపోకుండా ఉంటే చాలు, తనకింకేమీ అక్కర్లేదనుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు గారు రానే వచ్చారు. బడికి సున్నం వేశారు. సున్నం ఆరక పిల్లల చొక్కాలకి అంటుకుంది. శ్రీరాములు గారు జరీ కండువా వేసుకుని ఇన్‌స్పెక్టరు పక్క కుర్చీలో కూర్చున్నారు. గంగరాజు అరవై చిన్నరసాలు, ఎంచి ఎంచి ఏరినవి, గడ్డిలో పేర్చిన బుట్టతో గుమ్మంలో నిలబడ్డాడు. అవి ఇన్‌స్పెక్టరు గారి ఇంటికి. ఎండ నెత్తి మాడుస్తుంటే కాయల సొనకి ఈగలు ముసిరాయి.

మాస్టారు వారం రోజులు రుబ్బిన ఆరు లెక్కలూ అడిగాడు. పిల్లలు ఆరు జవాబులూ చెప్పారు. ఆరుసార్లూ నవ్వారు.

"భేష్!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇదీ మనక్కావలసింది. లెక్కలంటే భయం పోవాలి. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. జవాబు చెప్పినవాళ్ళకి ఇదిగో, బహుమానం."

సంచీలోంచి తగరం పెన్సిలు పెట్టె తీశాడు. మూత మీద నెమలి బొమ్మ. మూర్తి మాస్టారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఏడో లెక్క ఆయన రుబ్బలేదు.

"మీ ఊళ్ళో కాయలు చేతుల లెక్కన ఎంచుతారటగా? వంద కాయలంటే ఎన్ని చేతులు?"

పుష్పావతి చటుక్కున లేచింది. "ఇరవై ఒకటండీ!"

"చేతికెన్ని కాయలు?"

"అయిదండీ."

"అయిదు ఇరవైలు?"

"వందండీ."

"మరి ఇరవై ఒకటెలా అయిందమ్మా?"

"పుస్తకంలో అయితే ఇరవయ్యేనండీ. పాకలో ఇరవై ఒకటండీ. మీరు మా ఊళ్ళో అన్నారు కదండీ."

శ్రీరాములు గారు కండువాతో మెడ తుడుచుకున్నారు. ఇన్‌స్పెక్టరు ఒకసారి ఆయన వంకా, ఒకసారి బుట్ట వంకా చూశాడు. అర్థమయిందో, అర్థం కాకూడదనుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

"పాకలో లెక్కపెట్టేదెవరు?"

"ఈ పిల్ల తండ్రేనండీ, అడుగో," అన్నాడు మాస్టారు, మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు.

"ఏమయ్యా, నువ్వు చెప్పు. వందకెన్ని చేతులు?"

గంగరాజు బుట్ట గుమ్మంలో దించాడు. పుష్పావతి తండ్రి వంక చూసి తల ఊపుతోంది, చెప్పు నాన్నా అన్నట్టు. దానికి అనుమానం ఏ కోశానా లేదు.

"చెప్పరా గంగరాజూ, భయమెందుకు?" అన్నారు శ్రీరాములు గారు. వెన్నలా అన్నారు. సీజను ఇంకా రెండు నెలలుంది. ఆ పాక దాటితే చుట్టుపక్కల చాట్రాయి దాకా ఇంకో పాకలో తనని చేర్చుకునేవాడు లేడు.

"ఇరవయ్యేనండీ," అన్నాడు గంగరాజు. అక్కడితో ఆపినా బాగుండేది. "పిల్లకి తెలీదండీ," అని కూడా అన్నాడు.

మాస్టారు బెత్తం ఆడించాడు. పిల్లలందరూ నవ్వారు. ఈసారి నవ్వు నేర్పించింది కాదు, నిజంగానే వచ్చింది. పుష్పావతి ఒక్కతే నవ్వలేదు.

"తండ్రి పాసు, కూతురు ఫెయిలు!" ఇన్‌స్పెక్టరు పొట్ట ఊగేలా నవ్వి, పెన్సిలు పెట్టె గంగరాజు చేతిలో పెట్టాడు. "పోయేకాలానికయినా బడి నుంచి బహుమానం వచ్చిందోయ్ నీకు!"

చప్పట్లు కొట్టారు. గంగరాజు బతుకులో బడి ఇచ్చిన మొదటి బహుమానం అది. చేతిలో చచ్చిన ఎలకని పెట్టినట్టుంది. అందరూ చూస్తున్నారు కనక పారేయడానికి లేదు. రెండు చేతులూ జోడించాడు కూడా. ఛీ.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి పుష్పావతి గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. అన్నం ముట్టలేదని నాగేంద్రమ్మ మొగుడి మీద విరుచుకుపడింది.

"దానికేం చేశావయ్యా? పిలిస్తే పలకదు. రేపట్నించి బళ్ళోకి పోనంటంది."

గంగరాజు పెట్టె కూతురి ముందు పెట్టాడు. "నీకే తల్లీ. బొమ్మ చూడు."

"నీదే. జవాబు నువ్వు చెప్పావుగా."

"తొమ్మిదో ఎక్కం..."

"నాకు లెక్కలొద్దు." ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని ఏడుపు లేదు. "రోజూ నీతో కూడా నేనే అన్నాగా నాన్నా, ఇరవై, కొసరూ, వందా అని. నేను తప్పు లెక్కపెట్టానా?"

అప్పుడు గంగరాజుకి తెలిసింది తను ఏం చేసి వచ్చాడో. పంతులు కనీసం తాడుకి వేలాడదీశాడు, అది శిక్షేనని అందరికీ తెలుసు. తను మాత్రం దానికి కళ్ళతో చూసింది కూడా అబద్ధమని చెప్పి వచ్చాడు. ఇంక ఆ పిల్ల ఏ అంకెని నమ్ముతుంది?

పెట్టె తీసి చూరులో దోపాడు. కూతురి ఎదురుగా చతికిలబడ్డాడు.

"నువ్వు తప్పలేదు. నేనే అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"షావుకారు ఉన్నాడు కదే అక్కడ. నిజం చెబితే రేపు పనిలేదు."

ఊరుకోవయ్యా, పిల్లతో ఆ మాటలేంటి అంది నాగేంద్రమ్మ. గంగరాజు ఊరుకోలేదు. పుష్పావతి దగ్గరికి జరిగింది.

"అసలు కొసరెందుకు నాన్నా?"

"దారిలో కుళ్ళిపోయేవాటికి బదులని పేరు."

"వందకెన్ని కుళ్ళుతయ్?"

"ఒకటో రెండో. రెండే అనుకో."

"కొసరు అయిదు కదా. మిగతా మూడూ?"

ఇరవై ఏళ్ళలో గంగరాజు ఆ మాట అడగలేదు. ఎవరినీ అడగలేదు, తనని తనూ అడుక్కోలేదు. పుష్పావతి లేచి పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు ముక్క తెచ్చింది.

"నిన్నెన్ని వందలు కట్టారు?"

"ఎనభై."

"ఎనభై అయిదులు నాలుగొందలు." అలికిన గోడ మీద గీసింది. "కుళ్ళినయ్యి, వందకి రెండు చొప్పున, నూట అరవై. అవి తీసేస్తే రెండొందల నలభై. ఇన్‌స్పెక్టరు గారికి పంపినయ్యెన్ని?"

"అరవై."

"శౌరి మావయ్య కాయలు ఎన్ని వందలయినయ్ నిన్న?"

బావమరిది శౌరిది రోడ్డు పక్కన పదిహేను చెట్ల తోట. రాత్రనకా పగలనకా కోతుల్ని తోలుకుంటూ కాపాడుకున్న కాయలు. లెక్క దగ్గర ఎప్పుడూ గంగరాజు మొహమే చూస్తూ కూర్చుంటాడు, తనవాడు కదా, మోసం జరగదని.

"పన్నెండు వందలు."

"పన్నెండు అయిదులు అరవయ్యే! శౌరి మావయ్య కొసరంతా ఇన్‌స్పెక్టరు గారి బుట్టలోకే పోయింది నాన్నా!" దాని గొంతులో కోపం లేదు. తొమ్మిదో ఎక్కంలో దొంగని పట్టినప్పటి గొంతే. "మాస్టారికో?"

"గంపకి నలభై."

"రెండొందల నలభైలోంచి ఇయ్యన్నీ పోను... నూట నలభై. అయ్యి షావుకారు గారియ్యా?" రాయబోయి ఆగింది. బొగ్గు గోడకి ఆనించి వెనక్కి తిరిగింది. "ఆగు. నీకు?"

రోజూ పొద్దుగుంకే వేళ షావుకారు తన చేత్తోనే తీసి గంగరాజుకి ఓ చెయ్యి కాయలు ఇస్తాడు. తెచ్చి గడ్డిలో మాగేస్తే ఇంటిల్లిపాదీ తింటారు. అవి తన కష్టానికి ఇచ్చేవనుకునేవాడు. అలా అనుకుంటే తినబుద్ధయ్యేది. ఇప్పుడు కూడా, మరచిపోయానని అనేస్తే సరిపోతుంది. పిల్ల నమ్ముతుంది. మళ్ళీ నమ్ముతుంది.

"అయిదు," అన్నాడు.

"నాన్న, అయిదు," అని రాసింది. "షావుకారు గారికి నూట ముప్పై అయిదు." వేలు పెట్టి అంకెలన్నీ కింది నుంచి పైకి కూడుకుంటూ పోయింది. ఇంకోసారి పై నుంచి కిందికి కూడింది. "సరిపోయింది! ఒక్క కాయ కూడా తేడా లేదు. రేపెన్ని వందలొచ్చినయ్యో వచ్చి చెప్పు నాన్నా, అదీ వేస్తా."

అన్నం గిన్నె దగ్గరికి లాక్కుని గబగబా తినడం మొదలుపెట్టింది.

నాగేంద్రమ్మ తడిగుడ్డ పట్టుకొచ్చింది. "మొన్ననే అలికాను. గోడంతా ఎట్టా తగలేసిందో చూడు. ఎవరన్నా చూస్తే కొంప మునుగుద్ది, తుడిచెయ్యనా?"

"ఉంచవే. లెక్క తప్పు లేదుగా," అన్నాడు గంగరాజు.

రెండు గంటలకి పాకలో బండి దిగుతుంది. తుండుగుడ్డ నెత్తికి చుట్టుకుని వీధిలోకి వచ్చి, గుమ్మం పక్కన కాండ్రించి ఉమ్మాడు. నోరు శుభ్రం కాలేదు.