పది దాటితే చేప లేదు

రక్తపరీక్ష చీటీ మీద 9.2 అని ఉంది.

ఆ అంకెను అప్పలనర్సమ్మ మూడుసార్లు చదివించుకుంది. మొదట కొడుకు చేత, తర్వాత కోడలి చేత, చివరికి ఆసుపత్రి గేటు దగ్గర కొబ్బరిబోండాలు కొట్టేవాడి చేత.

“ఎంతుండాల?” అని అడిగింది వాణ్ణి.

“పదకొండుండాలంటమ్మా. లోపల గోడ మీద రాసుంది.”

ఆమె కోడలి వైపు తిరిగింది. లావణ్యకు అయిదో నెల. కళ్ళు తిరుగుతున్నాయంటే వచ్చారు. ఇప్పుడు కారణం తెలిసింది. రక్తం తక్కువ.

అప్పలనర్సమ్మ పుట్టింది పూడిమడకలో. పాతికేళ్ళుగా అనకాపల్లి మార్కెట్లో చేపలు అమ్ముతోంది. బాలింతలకు పాలసొర, నీరసంగా ఉన్నవాళ్ళకు చందువా, పిల్లలకు ముల్లు తక్కువ చేప అని ఊరందరికీ ఏరి ఇచ్చే మనిషి. అలాంటి మనిషి ఇంట్లో కోడలికి రక్తం లేదు. ఎందుకంటే కోడలు చేప ముట్టదు.

కొడుకు నానాజీ, లావణ్య ఒకే కంపెనీలో పనిచేస్తూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. పిల్ల మంచిదే. చెరుకు రైతు కూతురు, ఎంత పనైనా చేస్తుంది. కానీ ఎనిమిదో తరగతిలో మాంసం, చేప, గుడ్డు మూడూ మానేసింది. ఎందుకని అడిగితే “తినాలనిపించదత్తా” అంటుంది. మొక్కు అయితే తీర్చేయవచ్చు. మాల అయితే తీసేయవచ్చు. అనిపించకపోవడానికి మందేముంది?

ఆటోలోనే యుద్ధం మొదలైంది.

“రేపట్నుంచి సందువా పులుసు. రోజూ.”

“నేను తినను కదత్తా.”

“నీకోసం కాదే. లోపలున్నోడి కోసం.”

“లోపలున్నోణ్ణి అడిగేను. పప్పు చాలన్నాడు.”

“ఏరా, నీ పెళ్ళాం ఎలాగ మాటాడతందో సూడు! నువ్వేటీ అనవేటి?”

“నాకు షిఫ్టుకి టైమవుతందమ్మా” అన్నాడు నానాజీ, రోడ్డు వైపు చూస్తూ.

“డాక్టరమ్మ ఏం చెప్పిందో నువ్వూ విన్నావు కదత్తా” అంది లావణ్య. “పప్పులు, ఆకుకూరలు, పాలు, పెరుగు తింటూ, మాత్రలు ఒక్కరోజు కూడా మానకపోతే శాకాహారంతోనూ సరిపోతుందంది. ప్రతి నెలా తొమ్మిదో తేదీనే కదా పరీక్ష? రెండు తొమ్మిదులు టైమివ్వు. అప్పటికి పది దాటకపోతే నువ్వు ఏ చేప పెడితే ఆ చేప తింటాను.”

“దాటితే?”

“కాన్పయ్యేదాకా నా కంచం దగ్గర చేప మాట ఎత్తకూడదు. ఏడో నెల సీమంతం భోజనాల్లో కూడా చేప ఉండకూడదు.”

ఆటో డ్రైవరు సైతం వెనక్కి తిరిగి చూశాడు.

సీమంతానికి పూడిమడక నుంచి నలభై మంది వస్తారు. వాళ్ళ విస్తట్లో చేప లేకుండా భోజనం పెట్టడమా? అయినా భయమెందుకు? ఆకులు తిని ఎవరికి రక్తం పట్టింది?

“సరే, పందెం!” అంది.

ఆ నెల లావణ్య కంపెనీకి సెలవు పెట్టి, యుద్ధానికి వెళ్ళినట్టే తిన్నది. తోటకూర పప్పు, మునగాకు వేపుడు, ఉలవచారు, బొబ్బర్ల కూర, రాగిజావ. మధ్యాహ్నం అన్నం తినగానే ఐరన్ మాత్ర. సరిగ్గా ఆ సమయానికే అప్పలనర్సమ్మ మార్కెట్ నుంచి వచ్చి, స్నానం చేసి, టీ పెట్టేది. మామూలు టీ కాదు. చిక్కటి డికాక్షన్‌లో నల్లబెల్లం వేసి కాచిన టీ. అత్తాకోడళ్ళు ఒకే గిన్నెలోది తాగేది అదొక్కటే. బెల్లంలో ఇనుముందని ఆ ఊళ్ళో అందరూ అంటారు. అందుకే లావణ్య ఆ టీతోనే మాత్ర మింగేది. మందుకు మందు తోడు అనుకుంది.

పందెంలో మొదటి తొమ్మిదో తేదీ వచ్చింది. చీటీలో అంకె: 9.1.

పెరగలేదు. పైగా తగ్గింది.

లావణ్య ఆటోలో చీటీని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. అప్పలనర్సమ్మ గెలిచినట్టు నవ్వలేదు. కోడలి కళ్ళ కింద నలుపు చూసి చీర కొంగు సర్దుకుంది. “ఇంకో నెలుంది కదే” అని మాత్రం అంది.

ఆ ఆదివారం పొద్దున్నే మార్కెట్లో మొదటి బేరానికి కృపావతి వచ్చింది. ఆసుపత్రిలో గర్భిణులను చూసే నర్సు ఆమె. చర్చికి వెళ్తూ చేప కొని, పక్కన కత్తిపీట దగ్గర కూర్చునే పరదేశికి ఇచ్చి, ప్రార్థన అయ్యాక ముక్కలు పట్టుకెళ్ళడం ఆమె అలవాటు.

“మీ కోడలి చీటీ చూశాను. మాత్రలు వేసుకుంటోందా లేదా?” అంది కృపావతి.

“రోజూ ఏసుకుంటందమ్మా. నా కళ్ళ ముందే.”

“దేనితో మింగుతుంది?”

“టీతో. మంచి నల్లబెల్లం టీ. నేనే పెట్టి ఇత్తన్నాను.”

కృపావతి చేతిలో ఉన్న వంజరం చేపను మళ్ళీ గంపలో పడేసింది.

“టీతోనా? ఓలమ్మా! టీ తాగితే ఆ మాత్ర ఒంటికి పట్టదు. తిన్న ఆకుకూరలో సారం కూడా పట్టనివ్వదు. ముందూ వెనకా గంటన్నర, రెండు గంటలు టీ ముట్టకూడదు. నిమ్మకాయ నీళ్ళతో మింగమనండి. క్యాల్షియం మాత్ర వేరే పూట వేసుకోమనండి. నెల తిరిగేసరికి అంకె అదే కదుల్తుంది.”

ఆమె వెళ్ళిపోయింది. అప్పలనర్సమ్మ గంప ముందు అలాగే కూర్చుంది.

కోడలికి రక్తం పట్టకుండా అడ్డుపడుతోంది తనే. తన చేతి టీ.

మరుక్షణమే ఇంకో ఆలోచన వచ్చింది. ఈ సంగతి తనకొక్కతికే తెలుసు. ఈ నెల నోరు మూసుకుంటే పందెం తనదే. కోడలు చేప తింటుంది. పరువూ నిలబడుతుంది. సీమంతమూ నిలబడుతుంది.

ఆ మధ్యాహ్నం ఆమె ఎప్పటిలాగే టీ పెట్టింది. లావణ్య ఎప్పటిలాగే మాత్ర నోట్లో వేసుకుని, గ్లాసెత్తి తాగింది. అప్పలనర్సమ్మ గోడ వైపు చూసింది.

రాత్రి భోజనానికి మునగాకు వేపుడు. లావణ్యకు అది అస్సలు పడదు. ముక్కు మూసుకుని ముద్ద మింగింది. మళ్ళీ ఇంకో ముద్ద. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా కంచం ఖాళీ చేసింది.

పాతికేళ్ళలో అప్పలనర్సమ్మ పాడైన చేపను ఐసు కింద దాచి అమ్మింది లేదు. ఎవరైనా అలా అమ్మితే కొట్టినంత పని చేసేది. మరి ఇవాళ తను చేసిందేమిటి?

మర్నాడు మధ్యాహ్నం. లావణ్య నోట్లో మాత్ర ఉంది. గ్లాసు పెదవులను తాకింది.

“ఆగే!”

అప్పలనర్సమ్మ ఒక్క దూకులో వచ్చి గ్లాసు లాక్కుంది. సగం టీ ఆమె చీర మీదే ఒలికింది.

“ఏటత్తా! ఏటయింది?”

“ముందు నీళ్ళతో మింగు. మాత్రతో టీ తాగకూడదంట. రక్తం పట్టకుండా ఆపుతోంది అదేనంట. కృపావతమ్మ సెప్పింది.”

లావణ్య నీళ్ళు తాగింది. “ఎప్పుడు చెప్పింది?”

“నిన్న పొద్దున్న.”

“నిన్న పొద్దున్నా? మరి నిన్న మధ్యాహ్నం టీ ఇచ్చేవు?”

“ఇచ్చేను.”

“తెలిసేనా?”

“తెలిసే ఇచ్చేను. పందెం నెగ్గుదామని” అంది అప్పలనర్సమ్మ. తడిసిన చీర పిండుకుంటూ తల దించుకుంది. “తిట్టేయే. పడతాను.”

లావణ్య అత్త తడిసిన చీర వైపు చూసింది. తర్వాత నవ్వు మొదలైంది. కడుపు పట్టుకుని, మంచం మీద కూర్చుని మరీ నవ్వింది.

“నెల్రోజులు నోరు మూసుకుంటే నెగ్గేసేదానివి కదత్తా! ఒక్క రోజుకే కక్కేసేవా?”

“రాత్రంతా లోపల ఉడికిపోయినాదే. నువ్వా మునగాకు మింగతంటే నేను సూడనేకపోయేను.”

“మరి మన టీ?” అంది లావణ్య, ఉన్నట్టుండి దిగులుగా.

“అయిదింటికి తాగుదాం. సిన్న గ్లాసు.”

ఆ రోజు నుంచి అప్పలనర్సమ్మ కోడలి పక్షంలోకి దూకేసింది. ఆమె ఏ పనీ సగం చేయదు. మార్కెట్లో బేరం ముగియగానే ఖాళీ గంప కడిగి, దాని నిండా కూరలు వేసుకుని ఇంటికి బయల్దేరేది.

“ఏటప్పా, సేపలమ్మి తోటకూర కొనుక్కెళ్తన్నావు? రేపు మా కత్తిపీటలకి తుప్పట్టించేత్తావేటి?” అన్నాడు పరదేశి.

“నీ కత్తిపీట సంగతి నాకెందుకురా? జామకాయలేయీ? నిన్న తెత్తానన్నావు!”

పప్పులో నిమ్మరసం పిండేది. వేరుశనగపప్పు, నువ్వులు నల్లబెల్లంతో దంచి ఉండలు చేసేది. మునగాకును వేపుడు మాన్పించి, పప్పుతో కలిపి గారెలు వేసింది. లావణ్య నాలుగు తిని అయిదో దానికి చెయ్యి చాచింది. మాత్ర వేసే వేళకు గోడ గడియారం కింద నిమ్మకాయ నీళ్ళతో నిలబడేది. నానాజీ ఓ రోజు మధ్యాహ్నం టీ అడిగితే వాణ్ణీ తిట్టింది.

“నాకేం కడుపా అమ్మా?”

“వాసన తగిలితే దానికి తాగాలనిపిత్తాది. అయిదు దాకా నువ్వూ ఆగు!”

పందెంలో రెండో తొమ్మిదో తేదీ. ఆసుపత్రి వరండాలో ముప్ఫై మంది గర్భిణులు. లావణ్య వేలికి సూది గుచ్చారు. చీటీ కోసం నలభై నిమిషాలు. అప్పలనర్సమ్మ కూర్చోలేదు. ఈ గోడ నుంచి ఆ గోడకు ఎనిమిదిసార్లు నడిచింది. పక్క బెంచీ మీద ఓ పిల్ల ఫ్లాస్కు మూత తిప్పుతుంటే దగ్గరికి వెళ్ళి, “మాత్రేసుకుని ఎంతసేపయింది?” అని నిలదీసింది.

లోపలి నుంచి కృపావతి వచ్చింది. చేతిలో చీటీ. మొహంలో ఏమీ తెలియడం లేదు.

“లావణ్య!”

“సెప్పండమ్మా, పేనం తియ్యకండి” అంది అప్పలనర్సమ్మ.

“పది పాయింట్ నాలుగు.”

వరండా అదిరేలా అప్పలనర్సమ్మ కేక పెట్టింది. లావణ్యను వాటేసుకోబోయి, కడుపు గుర్తొచ్చి ఆగి, కృపావతిని వాటేసుకుంది.

“పదకొండు దాకా ఆపకండి” అంది కృపావతి, ఊపిరాడక. “ఇంతకీ లావణ్య చెప్పిన ఆ పందెం ఎవరు నెగ్గారు? ఓడినావిడ ఇలా గెంతడం నేనెప్పుడూ చూడలేదు.”

లావణ్య కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. “అత్తా, సీమంతం మాట గుర్తుందా? వద్దులే. మీ వాళ్ళకి చేప పెట్టుకో. నేను పక్కన కూర్చుని తింటాను.”

“నోరుముయ్యే. మాటంటే మాటే.”

అక్కడే నిలబడి ఫోను తీసింది. పూడిమడకలో అన్నయ్య ఎర్రయ్య ఎత్తాడు. వెనక సముద్రం హోరు వినిపిస్తోంది.

“అన్నియ్యా, సీమంతానికి అందర్నీ తీసుకుని వచ్చీ. సేప మాత్రం తేకు. సేప కూర లేదు. మాంసం లేదు.”

అవతల సముద్రం హోరు తగ్గింది; ఎర్రయ్య ఫోనుతో పక్కకి నడిచినట్టున్నాడు.

“ఏటే, ఎవరైనా పోయేరేటి?” అన్నాడు ఎర్రయ్య, గొంతు తగ్గించి.

“ఎవరూ పోలేదు. నా కోడలికి రక్తం పట్టింది. పది దాటింది!” అంది అప్పలనర్సమ్మ, వరండా అంతటికీ వినిపించేలా. “నలభై మందికి పనసపొట్టు కూర వండుతాను. తిన్నాక నువ్వే నోరు తెరిచి ఇంకో గరిటడుగుతావు. అడక్కపోతే అప్పుడు నన్ను తిట్టు!”